తీర్పు ఎవరిది? హిప్‌హాప్ పాటలో బూతు మీద సాగిన వాదం

సభకు నమస్కారం.

హిప్‌హాప్ పాటల్లో వినబడే బూతుల గురించి, స్త్రీలను ఉద్దేశించి వాడే నీచమైన మాటల గురించి, పోలీసుల మీదా ప్రత్యర్థుల మీదా విసిరే బెదిరింపుల గురించి అమెరికాలో దాదాపు నలభై ఏళ్లుగా వాదోపవాదాలు సాగుతున్నాయి. పత్రికల్లో చదివినా, టీవీ చర్చల్లో విన్నా ఇది ఎప్పుడూ రెండు పక్షాల తగవుగానే కనిపిస్తుంది. ఒకరు వాక్స్వాతంత్ర్యం అంటారు, ఇంకొకరు సభ్యత అంటారు. ఈ ఇద్దరూ తిట్టినవాడి హక్కు గురించీ, విన్నవాడి చెవుల గురించీ మాట్లాడారే తప్ప, ఆ తిట్టు ఎవరి మీద పడిందో ఆ మనిషి గురించి మాట్లాడింది చాలా తక్కువ. ఆ మనిషి ఎక్కువ సందర్భాల్లో నల్లజాతి స్త్రీ. ఆమె తనంతట తాను లేచి మాట్లాడిన ప్రతిసారీ వాదం ఒక మెట్టు పైకెక్కింది. ప్రభుత్వం చేయి చేసుకున్నప్పుడు మాత్రం దెబ్బ తగలవలసిన చోట కాక ఇంకెక్కడో తగిలింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. ఊరికే అంటే మీరు నమ్మనక్కర లేదు కనుక, జరిగిన సంగతులనే మీ ముందు పెడతాను.

హిప్‌హాప్ పుట్టుక గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో డీజే కూల్ హెర్క్, అతని చెల్లెలు సిండీ కలిసి ఏర్పాటు చేసిన పార్టీని దాని పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఫ్యాక్టరీలు మూతబడి, ఇళ్లు తగలబడి, నగరపాలన చేతులెత్తేసిన పేటల్లోంచి వచ్చిన కళ ఇది. మొదట్లో బజారుకు వచ్చిన రికార్డుల్లో ఎక్కువ భాగం ఆడి పాడుకోవడానికి చేసినవే. అయితే వాటి వెనక ఆఫ్రికన్ అమెరికన్ల వీధుల్లో తరతరాలుగా వస్తున్న ఒక మాటల ఆట ఉంది. దాన్ని ‘డజన్స్’ అంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చుట్టూ జనం మూగి ఉండగా, ఒకరినొకరు, ఒకరి తల్లిని ఒకరు ప్రాసలు కట్టి తిట్టుకుంటారు. ముందుగా ఎవరికి కోపం వస్తుందో వారు ఓడినట్టు. తిట్టును నిజమని నమ్మకుండా, దాని అల్లికను మెచ్చుకుంటూ, సహనం కోల్పోకుండా నిలబడడమే అక్కడి నేర్పు. హిప్‌హాప్‌లో లయకు తగ్గట్టు ప్రాసలల్లి మాటలు చెప్పే ర్యాప్‌లోని అతిశయోక్తికీ దబాయింపుకూ మూలాలు చాలావరకు ఇక్కడే ఉన్నాయి. ఈ సంగతి తెలియకుండా ర్యాప్ మాటలను పోలీసు వాంగ్మూలంలా చదివితే ఏమవుతుందో చివర్లో చెబుతాను.

1985లో టిప్పర్ గోర్‌తో పాటు వాషింగ్టన్ ప్రముఖుల భార్యలు కొందరు ఒక సంఘం పెట్టి, పిల్లల చెవిన పడకూడని పాటలు పదిహేనింటిని జాబితా వేసినప్పుడు అందులో ర్యాప్ పాట ఒక్కటీ లేదు. ఉన్నవి రాక్, హెవీ మెటల్, పాప్ పాటలు. సెనేట్ కమిటీ విచారణ జరిగింది, ఫ్రాంక్ జప్పా, జాన్ డెన్వర్ వంటి గాయకులు వెళ్లి సాక్ష్యం చెప్పారు, రికార్డుల కంపెనీలు హెచ్చరిక ముద్ర వేయడానికి ఒప్పుకున్నాయి. ఇప్పటికీ ఆల్బమ్‌ల మీద కనిపించే ఆ నలుపు తెలుపు ముద్ర 1990లో ఒకే రూపానికి వచ్చింది. ఆ జాబితాలోని పాట పాడినందుకు గాని, అమ్మినందుకు గాని ఎవరినీ సంకెళ్లు వేసి తీసుకుపోలేదన్నది గుర్తు పెట్టుకోవాలి.

ఇక ఫ్లోరిడా సంగతి నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాతి వాదాలన్నిటికీ విత్తనాలు అక్కడే పడ్డాయి. మయామీకి చెందిన టూ లైవ్ క్రూ అనే బృందం 1989లో ఒక ఆల్బమ్ తెచ్చింది. ఎంత నీచంగా కావాలంటే అంత నీచంగా ఉంటామన్న సవాలు దాని పేరులోనే ఉంది. పాటల్లో స్త్రీ మనిషిగా కనిపించదు, అవయవాల పోగుగా కనిపిస్తుంది. నేను వాటిని సమర్థించడానికి ఇక్కడ నిలబడలేదు. ఆ బృందం ఆల్బమ్ మీద హెచ్చరిక వేసింది, బూతులు తీసేసిన మరో ప్రతిని కూడా విడిగా అమ్మింది. అసలు ఆల్బమ్ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1990 ఆరంభంలో మయామీ పక్కనున్న బ్రోవర్డ్ కౌంటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) నిక్ నవారో మనిషి ఒకడు ఆ క్యాసెట్ కొని, కొన్ని పాటల మాటలను కాగితం మీద పెట్టించి స్థానిక న్యాయమూర్తికి సమర్పించాడు. ఇది అశ్లీలమని నమ్మడానికి తగిన ఆధారం ఉందని న్యాయమూర్తి ఉత్తర్వు ఇచ్చారు. షెరీఫ్ డిప్యూటీలు ఆ ఉత్తర్వు నకలు చేత పట్టుకుని కౌంటీలోని రికార్డుల దుకాణాలకు వెళ్లి హెచ్చరించారు. ఎవరినీ అరెస్టు చేయనక్కర లేకపోయింది. ప్రతిపక్షం మాట ఒక్కటీ వినకుండానే, విచారణ జరగకుండానే, క్యాసెట్ అక్కడి దుకాణాల్లోంచి మాయమైపోయింది.

బృందం ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. 1990 జూన్ 6న న్యాయమూర్తి హోసే గొంజాలెస్ తీర్పు చెప్పారు. ఏదైనా చెల్లుతుంది అనేవారికీ, ఇక చాలు అనేవారికీ మధ్య ఎప్పటినుంచో ఉన్న వైరమే ఈ వ్యాజ్యం అన్న అర్థంలో ఆ తీర్పు మొదలవుతుంది. విచారణకు ముందే దుకాణాలను బెదిరించడం రాజ్యాంగ విరుద్ధమని ఆయన షెరీఫ్‌ను తప్పుపట్టారు, అదే తీర్పులో ఆల్బమ్ అశ్లీలమని కూడా తేల్చారు. ఒక సంగీత ఆల్బమ్‌ను ఫెడరల్ న్యాయస్థానం అశ్లీలమని ప్రకటించడం అదే మొదలు. రెండు రోజులకు ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక నల్లజాతి దుకాణదారు ఆ ఆల్బమ్ అమ్మినందుకు అరెస్టయ్యాడు. మరో రెండు రోజులకు క్లబ్బులో ఆ పాటలు పాడినందుకు బృందంలోని వారు అరెస్టయ్యారు. అక్టోబరులో ఇద్దరి విచారణా జరిగింది. దుకాణదారు దోషి అని ఆరుగురు శ్వేతజాతి జ్యూరీ సభ్యులు తీర్పు చెప్పారు, వెయ్యి డాలర్ల జరిమానా పడింది. పాడిన బృందం మాత్రం నిర్దోషిగా బయటపడింది. వారి విచారణలో డిప్యూటీలు దొంగతనంగా రికార్డు చేసిన టేపు సరిగా వినబడలేదు. ఆ మాటలను బోనులో నిలబడి పోలీసు అధికారి తానే చెప్పవలసి వచ్చింది. కోర్టులో నవ్వవచ్చా అని జ్యూరీ సభ్యులు న్యాయమూర్తిని అడిగి అనుమతి తీసుకున్నారు. ఒకే కౌంటీలో, ఒకే నెలలో, పాడినవాడికి విడుదల, అమ్మినవాడికి శిక్ష. ఏది అశ్లీలమో జ్యూరీలకే ఒక మాట కుదరని చోట, ఆ అస్పష్టత భారం ఎప్పుడూ బలం తక్కువవాడి మీదే పడుతుంది.

1973లో మిల్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పెట్టిన కొలత ప్రకారం ఒక రచన అశ్లీలమని తేలాలంటే అది సమాజ ప్రమాణాల ప్రకారం సగటు మనిషికి కామవాంఛను రెచ్చగొట్టేదిగా తోచాలి, చట్టం పేర్కొన్న లైంగిక విషయాలను పచ్చిగా, జుగుప్సాకరంగా వర్ణించాలి, మొత్తంగా చూస్తే గంభీరమైన సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్రీయ విలువ ఏదీ ఉండకూడదు. మూడూ రుజువు కావాలి. ఈ మూడో అంశం దగ్గరే 1992లో అప్పీలు కోర్టు గొంజాలెస్ తీర్పును కొట్టివేసింది. బృందం తరఫున నిపుణులు సాక్ష్యం చెప్పగా, షెరీఫ్ టేపు తప్ప మరే ఆధారమూ చూపలేదు. ఒక న్యాయమూర్తి టేపు విన్నంత మాత్రాన దానికి కళావిలువ లేదని తేల్చలేడని కోర్టు అభిప్రాయపడింది. ఆ ఏడాది చివర సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది.

అంతకుముందు 1990 అక్టోబరులో బృందం మీద జరిగిన విచారణలో డిఫెన్స్ తరఫున వచ్చిన ముఖ్య సాక్షి హెన్రీ లూయీ గేట్స్ జూనియర్, నల్లజాతి సాహిత్య సంప్రదాయాల మీద పెద్ద పండితుడు. నల్లజాతి పురుషుడు కామపిశాచి అనే శ్వేతజాతి అపోహను ఈ కుర్రవాళ్లు ఎత్తి చూపి, పెంచి, పగలబడి నవ్వించి పేల్చేస్తున్నారని, ఇది డజన్స్ వంటి మాటల ఆటల వారసత్వమని, బయటివారు దీన్ని అక్షరార్థంలో చదవకూడదని ఆయన వాదించారు. సంప్రదాయం గురించి ఆయన చెప్పింది నిజమే. అయితే ఆ నవ్వు ఎవరి ఒంటి మీద నుంచి నడిచి వెళ్లిందన్న ప్రశ్నకు ఆయన దగ్గర సరైన సమాధానం లేదు.

ఆ ప్రశ్న వేసినవారు కింబర్లే క్రెన్‌షా. 1991 డిసెంబరులో బోస్టన్ రివ్యూలో వచ్చిన ఆమె వ్యాసం ఈ మొత్తం వాదంలో అన్నిటికన్నా నిజాయితీగా రాసిన రచన అని నా అభిప్రాయం. నల్లజాతి న్యాయశాస్త్ర పండితురాలిగా ఆమె రెండు వైపులకూ ఎదురు నిలిచారు. అంతకన్నా పచ్చిగా మాట్లాడే శ్వేతజాతి హాస్యగాళ్ల జోలికి పోని షెరీఫ్ నల్లజాతి కుర్రవాళ్లనే ఎందుకు ఏరి పట్టుకున్నాడని ఒక పక్క అడిగారు. మరో పక్క, జాత్యహంకారాన్ని వెక్కిరించే పని మీద ఉన్నామంటూ నల్లజాతి స్త్రీల శరీరాలను వాహనాలుగా వాడుకోవడానికి ఎవరు అనుమతి ఇచ్చారని గేట్స్ వంటివారిని నిలదీశారు. మన ఇంట్లో మనం వేసుకునే హాస్యం అన్నంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదని ఆమె వాదన. కాలమిస్టు జార్జ్ విల్ ఆ పాటల మాటలను న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక శ్వేతజాతి యువతిపై జరిగిన అత్యాచారం కేసు పక్కన పెట్టి రాసిన వ్యాసాన్ని కూడా ఆమె విప్పి చూపారు. పాటల్లో అవమానం పొందినది నల్లజాతి స్త్రీ అయితే, ఆయన వ్యాసంలో ఆందోళన అంతా శ్వేతజాతి స్త్రీ గురించే. ఆ సెంట్రల్ పార్క్ కేసులో శిక్ష అనుభవించిన ఐదుగురు కుర్రవాళ్లూ ఆ నేరం చేయలేదని తేలి, 2002లో కోర్టు వారి శిక్షలను రద్దు చేసింది. పాట మాటలకూ నేరానికీ మధ్య అంత సులువుగా ముడి వేసిన వ్యాసం కింద నేల ఎంత బోలుగా ఉందో పదేళ్ల తరువాత గాని బయటపడలేదు. క్రెన్‌షా బృందం మీద కేసు పెట్టడాన్ని వ్యతిరేకించారు, కాని బృందానికి మద్దతుగా జెండా పట్టడానికీ ఒప్పుకోలేదు. ఈ రెండూ కలిసి ఒకే మనిషిలో ఉండగలవన్నది చాలామంది నేటికీ గ్రహించడం లేదు.

కాలిఫోర్నియాలోని ఎన్.డబ్ల్యు.ఏ. బృందాన్ని చూస్తే అదే చిక్కు ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. 1988లో వారు పోలీసులను తిడుతూ పాడిన పాట గురించి మరుసటి ఏడాది ఆగస్టులో ఎఫ్‌బీఐ ఉన్నతాధికారి ఒకరు రికార్డుల కంపెనీకి ఉత్తరం రాశారు. ఆ పాట పోలీసుల మీద హింసను ప్రోత్సహిస్తోందని అందులో ఫిర్యాదు. ఆ ఉత్తరం రాసిన రెండేళ్లలోపే, 1991 మార్చిలో, లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చితకబాదుతున్న వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ కుర్రవాళ్ల కోపానికి కారణం ఏమిటో అప్పుడు అందరికీ తెలిసింది. కాని దానికి కొద్ది వారాల ముందే, 1991 జనవరిలో, అదే బృందంలోని డాక్టర్ డ్రే ఒక పార్టీలో డీ బార్న్స్ అనే హిప్‌హాప్ టీవీ వ్యాఖ్యాతను కొట్టాడు. కేసులో ఆయన నేరారోపణను ప్రతిఘటించలేదు. 2015లో గాని తాను గాయపరచిన స్త్రీలకు బహిరంగంగా క్షమాపణ చెప్పలేదు. పోలీసు లాఠీ గురించి నిజం చెప్పిన గొంతులే స్త్రీల గురించి ఏ మాటలు పలికాయో, ఆ గొంతుల్లో ఒకరి చేతులు ఏం చేశాయో పక్కపక్కన పెట్టి చూడాలి. రాడ్నీ కింగ్ వీడియో అందరికీ గుర్తుంది, డీ బార్న్స్ మీద దాడి చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

అందుకే సి. డెలోరెస్ టక్కర్ అంటే నాకు గౌరవం, ఆమె ఎంచుకున్న మార్గంతో నాకు పూర్తి ఏకీభావం లేకపోయినా. పౌరహక్కుల ఉద్యమంలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచిన మనిషి ఆమె. 1990లలో వీధి ముఠాల బతుకును పాడే గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో స్త్రీలను తిట్టే మాటల మీద ఆమె ఎత్తిన పోరు వృద్ధాప్యపు ఛాందసం అని యువ కళాకారులు చాలామంది ఎగతాళి చేశారు. ఆమె సెనేట్ ముందు సాక్ష్యం చెప్పారు. తరువాత రిపబ్లికన్ మాజీ మంత్రి విలియం బెనెట్‌తో చేతులు కలిపి, ఆ పాటలతో వ్యాపారం చేస్తున్న టైమ్ వార్నర్ సంస్థ వాటాలు కొని, 1995 వాటాదారుల సమావేశంలో లేచి నిలదీశారు. ఆ ఒత్తిడికి తలవంచి టైమ్ వార్నర్ అదే ఏడాది ఆ పాటలు విడుదల చేసే ఇంటర్‌స్కోప్ కంపెనీలో తన సగం వాటా వదులుకుంది. మరుసటి ఏడాది ఆ వాటాను ఎంసీఏ అనే మరో సంగీత సంస్థ కొనుక్కుంది. పాటలు అవే, గాయకులు వారే, లాభం మాత్రం వేరే ఖాతాలో జమ అయింది. తిట్టుతో డబ్బు చేసుకునే కంపెనీ గదుల్లో కూర్చున్నవారు ఎక్కువగా ఆ పేటలవారు కారన్న టక్కర్ ఆరోపణలోని నిజం మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే కాలంలో క్వీన్ లతీఫా 1993లో ర్యాప్‌లోనే దీనికి జవాబు చెప్పింది. వీధిలో తనను బూతుమాటతో పిలిచినవాడి ముఖం మీద ఎవరిని అంటున్నావని అడిగే ఆ పాటకు 1995లో గ్రామీ వచ్చింది.

ప్రభుత్వం చేతిలో నిషేధం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి సారా జోన్స్ ఉదంతం చాలు. న్యూయార్క్ కవయిత్రి, నటి అయిన ఆమె ర్యాప్ పాటల్లో స్త్రీలను తేలికచేసే చరణాలనే తీసుకుని, వాటిని తిప్పికొడుతూ ఒక కవిత రాసింది. నీ విప్లవం నా తొడల మధ్య జరగదు అన్నది దాని సారం. పోర్ట్‌లాండ్‌లోని కేబీఓఓ అనే చిన్న సామాజిక రేడియో దాన్ని ప్రసారం చేసింది. 2001 మేలో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ కవిత అసభ్యమని తేల్చి, లాభాపేక్ష లేని ఆ రేడియోకు ఏడు వేల డాలర్ల జరిమానా వేసింది. పాఠశాలలు పిలిచి మరీ పిల్లల ముందు చదివించుకున్న కవిత అది. ఆమె ఎఫ్‌సీసీ మీద వ్యాజ్యం వేసింది. 2003 ఫిబ్రవరిలో సంస్థ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ మధ్య కాలంలో మాత్రం, బూతును ఖండించిన స్త్రీ గొంతే బూతుగా ముద్రపడి రేడియోకు దూరమైంది. అధికారి వెతికేది మాట కోసం. ఆ మాటను ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారో వెతికే ఓపిక అతనికి ఉండదు.

తెలుగువారికి ఇది కొత్త కాదు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురిస్తే, అశ్లీలమంటూ బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అంతకుముందే వీరేశలింగం వంటి సంస్కర్త ముద్దుపళనిని తీవ్రంగా ఆక్షేపించి ఉన్నారు. అంతకన్నా పచ్చి శృంగారం రాసిన పురుష కవులు పండిత గోష్ఠుల్లో నిశ్చింతగా చలామణి అవుతుండగా, స్త్రీ తన కోరిక తాను చెప్పుకున్న కావ్యం దాదాపు స్వాతంత్ర్యం వచ్చేదాకా నిషేధంలో ఉండిపోయింది. దేశం వేరు, కాలం వేరు, చట్టం చేయి పడిన చోటు మాత్రం ఒకటే.

ప్రభుత్వం లేకుండా పని జరగదా అని మీరు అడగవచ్చు. 2004లో అట్లాంటాలోని స్పెల్‌మన్ కళాశాలలో జరిగింది చూడండి. అది నల్లజాతి స్త్రీల కోసం 1881లో స్థాపించిన విద్యాసంస్థ. ర్యాపర్ నెల్లీ ఫౌండేషన్ అక్కడ ఎముక మజ్జ దాతల నమోదు కార్యక్రమం పెట్టాలనుకుంది. ఆయన కుటుంబంలోనే ఒకరికి లుకేమియా. అదే సమయంలో ఆయన వీడియో ఒకటి అర్ధరాత్రి టీవీలో వస్తోంది. అందులో ఒక స్త్రీ పిరుదుల మధ్య క్రెడిట్ కార్డును యంత్రంలో గీసినట్టు గీసే దృశ్యం ఉంది. విద్యార్థినులు వీడియోను నిషేధించమని ఎవరినీ కోరలేదు. మా సాయం అడగడానికి వస్తున్నారు కనుక, వచ్చి ఆ వీడియో గురించి మాతో కూర్చుని మాట్లాడండి అన్నారు. ఫౌండేషన్ కార్యక్రమాన్నే రద్దు చేసుకుంది. ప్రాణదానానికి అడ్డుపడ్డారని ఆ పిల్లలను నిందించినవారున్నారు. నాకు ఆ నింద అన్యాయంగా తోస్తుంది. వారు తలుపు మూయలేదు, మాట్లాడదామన్నారు. వారి ప్రశ్న ఆ కళాశాల గోడలు దాటి దేశమంతా వినబడింది. మరుసటి ఏడాది ఎసెన్స్ పత్రిక సంగీతాన్ని తిరిగి మన చేతుల్లోకి తీసుకుందామంటూ ఒక ప్రచారం చేపట్టింది. 2007లో రేడియో వ్యాఖ్యాత డాన్ ఐమస్ రట్గర్స్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులను జాతి పేరున, స్త్రీత్వం పేరున నీచంగా తిట్టి ఉద్యోగం పోగొట్టుకుని, ఈ మాటలు నల్లవారి పాటల్లోంచే వచ్చాయని తప్పు వారి మీదకు నెట్టబోయినప్పుడు, హిప్‌హాప్ వ్యాపారి రస్సెల్ సిమన్స్ సైతం మూడు మాటలను ప్రసారాల్లో మూసివేయాలని సిఫారసు చేయవలసి వచ్చింది.

ఆ మూడింటిలో ఒకటి బానిసత్వ కాలం నాటి జాతి తిట్టు. అమెరికాలో ‘ఎన్’ అక్షరంతో మాత్రమే సూచించే మాట. 2007 జులైలో డెట్రాయిట్‌లో నల్లజాతి ప్రజల పౌరహక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ ఆ మాటకు శవపేటిక కట్టి, గుర్రపు బండి మీద ఊరేగించి అంత్యక్రియలు చేసింది. అదే ఏడాది ర్యాపర్ నాస్ ఆ మాటనే తన ఆల్బమ్‌కు పేరు పెడతానని ప్రకటించి, ఒత్తిడి వచ్చాక మరుసటి ఏడాది పేరు లేకుండానే విడుదల చేశాడు. నల్లజాతి ప్రజల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు, ఉండి తీరాలని కోరే హక్కు మనకు లేదు. కాని ఇక్కడ ఉన్న తల్లిదండ్రులతో ఒక మాట. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలు ఈ పాటలు వింటూ ఆ మాటను కూడా పాటతో పాటు పలుకుతున్నారు. పాటలో ఉన్నదే కదా అంటారు. 2018లో అలబామాలో ర్యాపర్ కెండ్రిక్ లామార్ ఒక శ్వేతజాతి అభిమానిని వేదిక మీదకు పిలిచి తన పాట పాడమన్నాడు. ఆమె ఆ మాటను యథాతథంగా పలికేసరికి పాట ఆపి, ఒక్క మాట వదిలేసి పాడాలని చెప్పాడు. కులం పేరు ఎవరి నోట ఏ స్వరంలో వస్తే అవమానమవుతుందో, అదే పేరును అవమానపడినవాడు ఆత్మగౌరవంతో చెప్పుకుంటే ఎలా మారిపోతుందో మన ఊళ్లలో మనం కళ్లారా చూసినవాళ్లం. బహిరంగంగా కులం పేరుతో దూషించడం నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చెబుతున్న దేశం నుంచి వచ్చినవాళ్లం. పిల్లలకు ఈ సంగతి వివరించడానికి మనకన్నా తగినవారు ఎవరున్నారు? సంగీతం వినవద్దనడం కన్నా ఈ మాట చెప్పడం మేలు.

ఇక కోర్టుల సంగతి. ర్యాప్ చరణాలను ఇప్పుడు అశ్లీలతకు కాదు, హత్యకూ దోపిడీకీ సాక్ష్యంగా చదువుతున్నారు. న్యూజెర్సీలో ఒక హత్యాయత్నం కేసులో పోలీసు అధికారి నిందితుడు రాసుకున్న పాటలను పదమూడు పేజీల మేర జ్యూరీకి చదివి వినిపించాడు. వాటిలో చాలావరకు ఆ నేరానికి ముందెప్పుడో రాసినవి. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదంది. పాటలో చెప్పినట్టు బాబ్ మార్లే నిజంగా షెరీఫ్‌ను కాల్చాడని గాని, కథలో రాసినట్టు ఎడ్గర్ అలన్ పో నిజంగా మనిషిని చంపి నేలపలకల కింద పాతిపెట్టాడని గాని ఎవరూ అనుకోరు కదా అని గుర్తు చేసింది. 2022 సెప్టెంబరులో కాలిఫోర్నియా ఈ విషయంలో చట్టమే చేసింది. కళాకారుడి సృజనను సాక్ష్యంగా వాడదలిస్తే అది జ్యూరీలో జాతి దురభిప్రాయాన్ని రేపుతుందేమో న్యాయమూర్తి ముందే పరిశీలించాలి. జార్జియాలో మాత్రం ర్యాపర్ యంగ్ థగ్ మీద నడిచిన కేసులో, 2023 నవంబరులో, పదిహేడు చోట్ల నుంచి తీసిన చరణాలను షరతులతో అనుమతించారు. కల్పనను ఒప్పుకోలు ప్రకటనగా చదివే ఈ అలవాటు ర్యాప్‌కు పట్టినంతగా మరే కళారూపానికీ పట్టలేదు. డజన్స్ ఆడే కుర్రవాడు ఎదుటివాడి తల్లిని అన్న మాటకు ఎవరూ కేసు పెట్టరు. అదే కుర్రవాడు దాన్ని టేపు మీదకు ఎక్కిస్తే అది చార్జిషీటులోకి వస్తోంది.

వినేవారు అడిగితే మాట మారుతుందనడానికి ఈ మధ్యనే ఉదాహరణ ఉంది. 2022 జూన్‌లో గాయని లిజ్జో పాట ఒకటి వచ్చింది. అందులోని ఒక మాట సెరిబ్రల్ పాల్సీ (మస్తిష్క పక్షవాతం) ఉన్నవారిని గాయపరుస్తుందని ఆస్ట్రేలియాకు చెందిన ఒక వికలాంగ ఉద్యమకారిణి రాసింది. మూడు రోజుల్లో లిజ్జో ఆ మాట తీసేసి కొత్తగా పాడి విడుదల చేసింది. ఆగస్టులో గాయని బియాన్సే కూడా అదే మాటను తన పాటలోంచి తీసేసింది. షెరీఫ్ రాలేదు, కోర్టు రాలేదు.

నల్లజాతి స్త్రీల విషయంలో ఆ వేగం కనబడదు. 2020 జులైలో మేగన్ థీ స్టాలియన్ అనే ర్యాపర్ పాదాల మీద తూటా గాయాలయ్యాయి. కాల్చినది తోటి గాయకుడు టోరీ లానెజ్ అని ఆమె చెప్పింది. సెప్టెంబరులో ఆయన ఆ ఆరోపణకు జవాబుగా ఒక ఆల్బమే విడుదల చేశాడు. అది బిల్‌బోర్డ్ మొదటి పదిలో చోటు సంపాదించింది. ఆమె అబద్ధం చెబుతోందని గేలి చేసే మాటలు పాటల్లోనూ, సోషల్ మీడియాలోనూ రెండేళ్లు సాగాయి. అదే ఏడాది ఆమె మరో ర్యాపర్ కార్డి బి తో కలిసి తమ శరీర సుఖం గురించి తామే పాడిన పాట ప్రథమ స్థానానికి చేరినప్పుడు అసభ్యమంటూ లేచిన గొంతుల్లో చాలా వాటికి, ఆమె గాయం గురించి వచ్చిన పాటలు వినబడనే లేదు. 2020 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసంలో ఆమె ఎవరి పాటనూ ఆపమని అడగలేదు. నల్లజాతి స్త్రీలను కాపాడండి అన్న చిన్న మాట కూడా వివాదం కావడమేమిటని అడిగింది. 2022 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ టోరీ లానెజ్‌ను దోషిగా తేల్చింది, మరుసటి ఆగస్టులో పదేళ్ల శిక్ష పడింది. న్యాయస్థానం చేయవలసిన పని అది, కాల్పుల మీద తీర్పు చెప్పడం. ఆమెను వెక్కిరించిన పాటల మీద తీర్పు చెప్పే పని ఏ న్యాయస్థానానిదీ కాదు. అది వాటిని విన్నవారిది, మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నవారిది.

సెలవు. ప్రశ్నలుంటే అడగండి.